ఆ మజ్జిగ నేను లాక్కోలేదు

బనగానపల్లె పక్కన నేను పనిచేసిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇప్పటికీ నా గురించి ఒక కథ చెప్పుకుంటున్నారని ఈ మధ్య ఒక పెళ్ళి భోజనాల దగ్గర తెలిసింది. పూణే నుంచి వచ్చిన పెద్దమనిషి చేతిలోంచి మజ్జిగ గ్లాసు లాక్కుని, ఆయన చూస్తుండగానే గటగటా తాగేసి, ఆకలికి కళ్ళు తిరుగుతున్న మనిషి చేత కాగితం మీద సంతకం పెట్టించానట. ఈ కథ చెప్పినామె నా పక్క కుర్చీలోనే కూర్చుని వంకాయ కూర కలుపుకుంటోంది. నేనెవరో ఆమెకు తెలియదు.

"ఎవరమ్మా ఆ రాక్షసి?" అని అడిగాను.

"ఎవురో కడప ఆమెంట. నోరు శానా పెద్దదంట. దేవుడు బుద్ధి పుట్టిస్తే యాడికో పోయిందంట," అంది.

బుద్ధి పుట్టి పోలేదు, రిటైరై పోయాను. ఇంక ఆ కథలో తప్పులు దిద్దుతాను. గ్లాసు ఆయన చేతిలో లేదు, టేబుల్ మీద ఉంది. ఆయన చెయ్యి దానివైపు వస్తోంది. నా చెయ్యి ముందు చేరింది. దీన్ని లాక్కోవడం అంటే బస్సులో కిటికీ పక్క సీటు దొరకబుచ్చుకున్న ప్రతివాళ్ళూ దొంగలే.

ఇదే సంగతికి మా యజమాని చెప్పే కథ ఇంకోటుంది. నా ఇంగ్లీషు ధాటికి పూణే ఆయనకు చెమటలు పట్టాయని. ఇది మొదటిదానికంటే పెద్ద అబద్ధం. ఉగాది దాటాక బనగానపల్లెలో చెమటలు పట్టడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

నా ఇంగ్లీషు గొప్పేమిటో నాకు తెలుసు. కర్నూలులో బీకాం చదివేటప్పుడు వ్యాపార ఉత్తరాలు రాయడం గురించి ఒక పేపర్ ఉండేది. "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" ఎక్కడ రాయాలో, "యువర్స్ సిన్సియర్లీ" ఎక్కడ రాయాలో అందులో నేర్చుకున్నాను. మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. కాబట్టి నేను ఫోన్లో కూడా ఉత్తరం రాసినట్టే మాట్లాడేదాన్ని. "విత్ రిఫరెన్స్ టు యువర్ కొటేషన్" అని మొదలుపెడితే అవతలివాళ్ళు ఒక్క క్షణం ఆగిపోయేవాళ్ళు. లాయర్ అనుకునేవారేమో.

రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో మా ఆఫీసులో ఒక ఫ్యాక్స్ మిషనూ, గంటకోసారి తెగిపోయే ఇంటర్నెట్టూ ఉండేవి. నేను అక్కడ టైపిస్టుగా చేరి, స్టోర్స్ చూసి, చివరికి పర్చేజ్ మేనేజర్ కుర్చీలో కూర్చున్నాను. అంతకు ముందు ఆ కుర్చీ మా యజమాని బావమరిదిది. ఆయన ఎందుకు దిగాడో చెప్తేనే నా గొడవ అర్థమవుతుంది.

మామిడి గుజ్జును వేడి చేసి, లోపల వెండిరేకులా మెరిసే పెద్ద బ్యాగుల్లో నింపి, ఆ బ్యాగును ఇనుప డ్రమ్ములో దించుతారు. బ్యాగు మంచిదైతే ఐసు లేకుండా ఏడాదిపైన నిలవుంటుంది. బ్యాగులో సూదిమొనంత కంత ఉన్నా లోపల గుజ్జు పులిసి ఉబ్బుతుంది. బావమరిది కొన్న బ్యాగులు ఆ ఏడు శ్రావణంలో ఉబ్బడం మొదలుపెట్టాయి. గోడౌన్‌లో డ్రమ్ముల మూతలు ఒక్కొక్కటే ఎగిరిపడుతుంటే వాచ్‌మన్ ఎవరో తుపాకీ పేలుస్తున్నారనుకుని గేటు బయటికి పరిగెత్తాడు. ఆ కుళ్ళు వాసనకు రెండు నెలలు మేం గోడౌన్ వైపు తిరగలేదు. కందిరీగలు మాత్రం సుఖపడ్డాయి.

బ్యాగులు అమ్మిన కంపెనీ ఏం చేసిందో చెప్పనా? పాడైన ప్రతి బ్యాగుకీ ఒక కొత్త ఖాళీ బ్యాగు పంపింది. నిండు బ్యాగు పోతే ఖాళీ బ్యాగు. వాళ్ళ కొటేషన్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో అలాగే రాసి ఉంది. బావమరిది వెనక్కి తిప్పి చూడలేదు.

అప్పుడు మా యజమాని నన్ను పిలిచి, "ఈ సీజన్‌కు నువ్వు చూడమ్మా. మళ్ళా ఉబ్బినాయనుకో, నువ్వు నీ టైపు మిషను కాడికి, వాడు ఈడికి. సరేనా?" అన్నాడు. సరే అన్నాను. ఆ ఫ్యాక్టరీలో మగవాళ్ళు పందెం కాసుకున్నారని తర్వాత తెలిసింది. నా మీద కాసినవాడు ఒక్కడే. అతనూ జాలితో కాశాడట.

బ్యాగులు అమ్మే కంపెనీలన్నిటికీ ఫోన్లు చేశాను. నా దగ్గర ఒకటే ప్రశ్న ఉండేది. టైపు చేసుకుని ఫోను పక్కన అతికించుకున్నాను. "ఇఫ్ ది బ్యాగ్ లీక్స్, హూ పేస్ ఫర్ ది మ్యాంగో?" ఇంత చిన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి దేశంలో లేడని ఆ నెలలో తెలిసింది. ఒకాయన వాళ్ళ కంపెనీ చరిత్ర చెప్పాడు. ఇంకొకాయన "గుడ్ క్వశ్చన్" అని మెచ్చుకుని ఫోను ఇంకెవరికో ఇచ్చాడు. ఆయన "గెట్ బ్యాక్" అవుతానన్నాడు, ఇంతవరకూ అవలేదు. చెన్నై ఆయన మాత్రం ధైర్యంగా "మేడమ్, అవర్ బ్యాగ్స్ నెవర్ లీక్" అన్నాడు.

"వెరీ గుడ్. దెన్ ప్లీజ్ రైట్ ఇట్," అన్నాను.

లైను తెగిపోయింది. అది టెలిఫోను శాఖ పని కాదని నా నమ్మకం.

మిగిలింది పూణే ఆయన. ఈయన నాకు రాసిన మొదటి మూడు మెయిళ్ళూ "డియర్ సర్" అనే మొదలయ్యాయి. నేను కింద నా పేరు ముందు "మిసెస్" అని పెట్టి రాసినా మారలేదు. నాలుగో మెయిలుకు నేనూ ఆయన్ని "డియర్ మేడమ్" అని రాశాను. అప్పుడు ఫోన్ చేసి పకపకా నవ్వాడు. మనిషి మంచివాడే అనిపించింది. బ్యాగులు కూడా మంచివే. శాంపిల్ పంపితే నీళ్ళు నింపి, మీద ఇద్దరు లోడింగ్ మనుషుల్ని ఎక్కించి చూశాను. కానీ నా ప్రశ్న అడిగితే మాత్రం, "ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. గుంతకల్లులో రైలు దిగుతానన్నాడు. సరే, కారు పంపుతామన్నాను.

ఇక్కడ మా యజమాని ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. వాళ్ళది పాత శెనిక్కాయల మిల్లు కుటుంబం. ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగానే ఇల్లు. బేరానికి వచ్చిన ఎవరైనా ఆ ఇంట్లో అన్నం తినే పోవాలి. అన్నం తిన్నాక మాత్రం బేరం మాటెత్తకూడదు. ముద్ద నోట్లో పెట్టేసరికి ఎవరు ఏ మాట దగ్గర ఉంటే ఆ మాటే ఖాయం. ఇది యజమాని తండ్రి పెట్టిన పద్ధతి. కడుపు నిండా పెట్టి ఆ మొహమాటం మీద రైతును వంచకూడదని ఆయన ఉద్దేశం. ఉద్దేశం బంగారమే. కానీ బావమరిది చేసిందేమిటంటే, పోయినేడు వచ్చిన బ్యాగుల మనిషిని కారు దిగీ దిగగానే నాటుకోడికి తీసుకుపోయాడు. చేతులు కడుక్కున్నాక కొటేషన్ వెనక ఏముందో అడిగే హక్కు ఎవరికీ మిగల్లేదు.

అన్నం అంటే ఏమిటన్న విషయంలో ఆ ఇంట్లో పెద్ద కోర్టు యజమాని తల్లి. అందరూ అవ్వ అనేవాళ్ళు. ఆమె తీర్పు స్పష్టంగా ఉండేది. టీ కూడు కాదు. ఉప్పు తగిలిందా, కూడే. బిస్కెట్ సంగతి ఎవరూ తేల్చలేదు కాబట్టి ఆ రోజు నేను బిస్కెట్లు తెప్పించలేదు.

పూణే ఆయన పదిగంటలకు దిగాడు. యాభై దాటినవాడు, సన్నటి మనిషి, మోచేతుల దాకా చేతులున్న తెల్లచొక్కా. నేను ఎదురెళ్తే నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"మీ పర్చేజ్ మేనేజర్ లోపల ఉన్నారా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"బయటే ఉన్నారు. మీతో మాట్లాడుతున్నారు," అన్నాను.

కూర్చున్నాం. నేను లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు ముందే టైపు చేసి పెట్టుకున్నాను. బ్యాగు తప్పువల్ల గుజ్జు పాడైతే, బ్యాగుతో పాటు గుజ్జు కూడా మీదే బాధ్యత. అంతే. కాగితం ఆయన ముందుకు తోశాను. ఆయన దాన్ని చదివి, తిరగేసి, వెనక ఏమీ లేదని చూసి కాస్త నిరాశపడి, మళ్ళీ నా వైపు తోశాడు. ఆ తర్వాత రెండు గంటల పాటు ఆ కాగితం టేబుల్ మీద క్యారమ్ బోర్డు మీద కాయినులా తిరిగింది.

"కేసు బై కేసు చూసుకుందాం," అన్నాడు.

"మొదటి కేసు పోయినేడు అయిపోయింది," అన్నాను.

"గుడ్ ఫెయిత్‌తో వెళ్దాం మేడమ్."

"ఫెయిత్ కావలసినప్పుడు మాకు దర్గా ఉంది, గుడి ఉంది. మీ దగ్గర ఇంకు కావాలి," అన్నాను. ఇది ఇంగ్లీషులో సరిగ్గా అన్నానో లేదో తెలీదు గానీ ఆయనకు అర్థమైంది. నవ్వాడు. నవ్వి, గడియారం చూసి, "మీ ఇంటి భోజనం గురించి చాలా విన్నాను," అన్నాడు.

అప్పటికి పదకొండు. అనుమానం రాలేదు. పావుగంటకు మళ్ళీ, "సంగటి అంటే ఎలా ఉంటుంది?" అన్నాడు. ఇంకో పది నిమిషాలకు, "మాట్లాడటం తిన్నాక కూడా మాట్లాడొచ్చు కదా?" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. కాగితం వైపు చూశాడు.

ఫోన్ వచ్చిందని చెప్పి లేచి బయటికి వచ్చాను. కారు దగ్గర డ్రైవర్ అద్దం తుడుస్తున్నాడు. మావాడే, నంద్యాల మనిషి, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. గుంతకల్లు నుంచి ఇద్దరూ హిందీలో ముచ్చట్లాడుకుంటూ వచ్చి ఉంటారని అప్పుడు తట్టింది.

"ఏమన్నా, దారిలో ఆయనకేం చెప్పినావు?"

"నేనేం చెప్తానక్కా? ఆయనే అడిగినాడు, మీ సేటు ఎట్లాంటోడని. శానా మంచోడు, కూడు పెట్టినాక బేరమాడడు అని చెప్పినా. మంచి మాటే గదా?"

"ఇంకేం చెప్పినావు?"

"ఉప్పు సంగతి గుడకా చెప్పినా," అన్నాడు, నా మొహం చూసి గొంతు తగ్గిస్తూ. "దారి దూరం గదక్కా, ఏదో ఒకటి మాట్లాడల్ల."

అదీ విషయం. రెండున్నర గంటల కారు ప్రయాణంలో ఆ ఇంటి రాజ్యాంగమంతా పూణేకి అందింది. లోపలున్న మనిషికి ఆకలి లేదు, తొందర ఉంది. ఒక్క ముద్ద నోట్లో పడితే ఆయన కొటేషనే ఖాయం. మళ్ళీ నిండు బ్యాగుకి ఖాళీ బ్యాగు.

నేను లోపలికి వచ్చేసరికి వరండాలో యజమాని అడ్డం వచ్చాడు.

"ఏమ్మా, ఆ మనిషి మొగం చూస్తాండావా? పీక్కపోయుండాది. అమ్మ రెండుసార్లు మనిషిని పంపించింది. సంగటి ఆరిపోతాందంట."

"ఆరనీ అన్నా."

"ఇంటికొచ్చినోన్ని ఆకలితో కూర్చోబెట్టినామని రేపు నలుగురూ ఏమనుకుంటారు?"

"డ్రమ్ములు పేలినప్పుడు ఆ నలుగురే కదా ముక్కు మూసుకుని పోయింది? అప్పుడేమైనా అనుకున్నారా?"

"నీతో మాట్లాడేది నాదే తప్పు," అని తల పట్టుకుని పోయాడు. ఆయన తల పట్టుకుని పోయాడంటే నాకు ఒక అరగంట దొరికినట్టు.

అరగంట దొరకలేదు. నేను లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నానో లేదో, ఆయన పోయిన దోవలోనే మజ్జిగ వచ్చింది. అవ్వ ఆగలేకపోయింది. పెద్ద స్టీలు గ్లాసు, పైన కరివేపాకు తేలుతూ, అల్లం వాసన. వంటామె దాన్ని సరిగ్గా కాగితం పక్కన పెట్టి, "అవ్వ పంపించింది. ఉప్పు చూసి ఏసింది," అని ఊరంతా వినబడేట్టు చెప్పి పోయింది.

ఆయనకు తెలుగు రాదు. కానీ ఉప్పు సంగతి తెలుసు. గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు. చెయ్యి కదిలింది.

ఆ తర్వాత జరిగిందాన్నే లోకం లాక్కోవడం అంటోంది. నేను గ్లాసెత్తి ఒక్క గుక్కలో తాగేశాను. అల్లం గొంతులో పడి దగ్గొచ్చింది. దగ్గుతూనే, "ఐ వాజ్ వెరీ థర్స్టీ," అన్నాను. వ్యాపార ఉత్తరాల పేపర్లో ఈ వాక్యం లేదు.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఖాళీ గ్లాసు వైపు చూశాడు. మాకిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయింది. ఇక నటించాల్సిన పని లేదు కనుక ప్రశాంతంగా ఉంది. అప్పుడు మెల్లగా చెప్పాడు, "మేడమ్, నేను షుగర్ పేషెంటుని. వేళకు తినాలి."

రెండు గంటల్లో ఈ మాట ఇంతకు ముందు ఎందుకు చెప్పలేదు? నా మనసులో వెంటనే వచ్చింది అదే. సంగటి అయింది, ముచ్చట అయింది, మజ్జిగ అయింది, ఇప్పుడు జబ్బు. నేను కాగితం ఆయన ముందుకు జరిపాను, పెన్ను మూత తీసి పైన పెట్టాను.

"ఇఫ్ ది బ్యాగ్ లీక్స్," అన్నాను, "హూ పేస్ ఫర్ ది మ్యాంగో?"

"వుయ్ పే," అన్నాడు.

పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి వణికింది. మెయిళ్ళ కింద స్కాన్ చేసి పెట్టే ఆయన సంతకం నాకు బాగా తెలుసు, గుండ్రంగా అందంగా ఉండేది. ఈ కాగితం మీది సంతకం గోడ మీద పాకిన చెదలులా ఉంది. నేను దాన్ని చూశాను. చూసి, తేదీ కూడా వేయమన్నాను. వేశాక కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, "పదండి, సంగటి ఆరిపోతోంది," అన్నాను.

హ్యాండ్‌బ్యాగులో ఆ కాగితం పక్కనే పిప్పరమెంట్లు ఉన్నాయి. బస్సులో నాకు వాంతి వస్తుంది కాబట్టి ఎప్పుడూ ఉంటాయి. ఆ విషయం అప్పుడు నాకు తట్టలేదు అని రాయాలని ఉంది.

ఆయన బాగా తిన్నాడు. సంగటి ముద్దను చేత్తో ఎలా తుంచాలో అవ్వే నేర్పింది. నాటుకోడి పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు. ఊరిబిండి ఏమిటని అడిగి, శెనిక్కాయల పచ్చడని డ్రైవర్ చెబితే, మళ్ళీ వేయించుకున్నాడు. ఇక్కడ గమనించండి. చివర్లో నెయ్యి పోసిన ఓళిగలు మూడు తిన్నాడు. బెల్లం పూర్ణం పెట్టినవి. నేను లెక్కపెట్టాను. షుగర్ పేషెంటు మూడు ఓళిగలు తింటాడా? మా యజమాని దాన్నే పట్టుకుని ఇప్పటికీ, "అంతా యాక్టింగమ్మా, నువ్వే గెలిచినావు," అంటాడు. కానీ షుగర్ పడిపోయిన మనిషి కూడా తీపి కోసం అలాగే వెతుక్కుంటాడని మా పక్కింటి నర్సు చెప్పింది. అంటే ఆ ఓళిగలు రెండు వైపులా సాక్ష్యం చెప్తున్నాయి. ఇలాంటి సాక్షిని నేనెక్కడా చూడలేదు.

ఆయన్ని కారెక్కించి వచ్చాక చెయ్యి కడుక్కుంటుంటే అవ్వ వెనకొచ్చి నిలబడింది. మజ్జిగ సంగతి వంటామె చెప్పేసినట్టుంది.

"ఏం పాపా, ఆయప్పకు షుగరంట గదా?"

"అంటున్నాడవ్వా. నిజమో కాదో."

"నిజమో కాదో నీకెట్ల తెలుస్తాదిలే. ఒక బెల్లం గడ్డ ఇచ్చింటే ఏం పోయింటాది? దాంట్లో ఉప్పుండదు గదా."

నేను ఎవరితోనైనా వాదిస్తాను. మా ఆయనతో, కండక్టర్లతో, టెలిఫోను శాఖతో, ఒకసారి రేడియోతో కూడా. ఆ రోజు అవ్వ ముందు మాత్రం కడిగిన చెయ్యే మళ్ళీ కడుక్కున్నాను. పద్ధతి పెట్టిన ఇంటిమనిషికి ఆ పద్ధతిలో ఉన్న సందు కనిపించింది. పొద్దున్నుంచీ ఆ పద్ధతి చుట్టూ కావలి కాసినదాన్ని, నాకు కనిపించలేదు. వెతకలేదు మరి.

ఆ సీజన్‌లో గుజ్జుకు వాడే కలెక్టర్ మామిడికాయ విపరీతంగా వచ్చింది. బ్యాగులు నిలబడ్డాయి. ఒక్కటి మాత్రం ఉబ్బింది. నేను ఫ్యాక్స్ పంపిన వారంలోపే బ్యాగుకూ గుజ్జుకూ ఒప్పుకుంటూ ఉత్తరం వచ్చింది, ఒక్క మాట వాదన లేకుండా. "డియర్ మేడమ్" అని మొదలై "యువర్స్ సిన్సియర్లీ" అని ముగిసింది. కింద సంతకం మళ్ళీ గుండ్రంగా అందంగా ఉంది. దాన్ని ఆ కాగితం పక్కన పెట్టి చూశాను. చూసి డ్రాయరు మూసేశాను. కుర్చీ నాకే ఉండిపోయింది. పందెంలో జాలితో కాసినవాడు అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినిపించాడు.

తర్వాత ఎనిమిది సీజన్లు ఆయనతోనే పనిచేశాను. వారానికోసారి ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. లారీ ఎక్కడుంది, వానలు ఎలా ఉన్నాయి, కాయ ఎప్పుడు దిగుతుంది. ప్రతిసారీ ఆయన "హౌ ఈజ్ ది బటర్‌మిల్క్, మేడమ్?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. "హౌ ఈజ్ యువర్ షుగర్?" అని తిరిగి అడిగితే సరిపోయేది. నాలుగు మాటలు. నేను "విత్ రిఫరెన్స్ టు యువర్ డిస్పాచ్" అని లారీ సంగతిలోకి దిగేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి "హౌ ఈజ్" దాకా వచ్చి, "యువర్ ఫ్యామిలీ" అని ముగించాను. బాగున్నారన్నాడు.

ఇప్పుడు కడపలో మా ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఆయన కూడా రిటైరయ్యే ఉంటాడు. పెళ్ళిలో నా పక్కన కూర్చున్నామెకు మజ్జిగ లాక్కోలేదని గట్టిగానే చెప్పాను. ఆమె నమ్మలేదు, నేనెవరో తెలిసి కుర్చీ కాస్త దూరం జరుపుకుంది. అది ఆమె ఇష్టం. ఆమె గ్లాసు మాటే ఎత్తింది కాబట్టి జవాబు చెప్పగలిగాను. పిప్పరమెంట్ల గురించి అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో.

అందుకే అయ్యా, ఎక్కడున్నా సరే, ఇప్పుడు బేరం లేదు, బ్యాగులు లేవు, అన్నం ముందా వెనకా అన్న లెక్కా లేదు కనుక అడుగుతున్నాను. ఆ రోజు మీ చెయ్యి నిజంగానే వణికిందా, లేక మీరే వణికించారా?